ఊపిరిని కొలిచిన హాల్డేన్

ఇంట్లో పెద్దవాళ్ళకి ఆయాసం రాగానే మనం అనే మొదటి మాట “ఆక్సిజన్ పెట్టించేద్దాం” అని. ఆయాసం, ఆక్సిజన్ లోటు ఒకటి కావని అర్థం కావాలంటే జాన్ స్కాట్ హాల్డేన్ కథ తెలియాలి.

1860లో ఎడిన్‌బరోలో పుట్టారు, అక్కడే డాక్టరీ చదివారు. పేషెంట్ల కంటే గాలి మీదే ఆయన ధ్యాసంతా. గాలి చొరబడని గదిలో తనే కూర్చుని, లోపల గాలి పాడవుతుంటే ఒంట్లో ఏమవుతోందో రాసుకునేవారు. మన ల్యాబ్‌లో అలా చేస్తే సస్పెన్షనే!

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగని పేలింది. శవాల్ని పరీక్షిస్తే, ఎక్కువమందిని చంపింది మంటలు కాదు, కార్బన్ మోనాక్సైడ్. అది రక్తానికి ఆక్సిజన్ అందనివ్వదు, కానీ ఆయాసం రాదు. మనిషికి తెలిసేలోపే కాళ్ళు పడిపోతాయి. గనుల్లోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్ళమని ఆయన చెప్పింది అందుకే, మనిషి కంటే ముందు పిట్ట పడిపోతుంది కాబట్టి.

1905లో ప్రీస్ట్లీతో కలిసి అసలు కారణం పట్టుకున్నారు. మామూలుగా మన ఊపిరిని నడిపించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. అంటే ఆక్సిజన్ తగ్గినా శరీరం వెంటనే గోల చెయ్యదు. మరి ఎలా తెలుస్తుంది? రక్తాన్నే కొలవాలి. రక్తంలోని వాయువుల్ని కొలిచే పరికరం కూడా ఆయనే తయారుచేశారు.

మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు పీల్చిన సైనికులకి ఆక్సిజన్ అందించే పరికరం చేశారు. కాసేపు ఇచ్చి తీసేస్తే లాభం లేదు, ఆగకుండా ఇవ్వాలి అన్నది ఆయన పట్టుదల. 1936లో పోయారు. (కొడుకు జేబీఎస్ హాల్డేన్ మన దేశంలోనే స్థిరపడి, తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు!)

1980, 81లో అమెరికాలో, బ్రిటన్‌లో జరిగిన ట్రయల్స్ ఆ పట్టుదలకి అంకెలిచ్చాయి. సీఓపీడీ పేషెంటుకి ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలా వద్దా అన్నది జబ్బు కుదుటపడి కొన్ని వారాలయ్యాక ధమని రక్తం తీసి తేలుస్తారు. విశ్రాంతిలో ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువుంటే పెట్టాలి. 56 నుంచి 59 మధ్య ఉంటే, గుండె కుడివైపు దెబ్బతిన్నా, రక్తం చిక్కబడినా పెట్టాలి. పెడితే రోజుకి కనీసం 15 గంటలు. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పీల్చి పక్కన పెడితే ఆయుష్షు పెరగదు. అలాగని నాబ్ ఎక్కువ తిప్పకూడదు, కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోతారు. ఆ గదిలో సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?