యంత్రవిద్యాసాధకుడు జి.డి. నాయుడు

పూర్వము తెలుగునాటి నుండి దక్షిణమునకు వలసపోయిన కుటుంబములు పెక్కు కోయంబత్తూరు ప్రాంతమున స్థిరపడినవి. తమిళదేశమున నివసించుచున్నను వారు ఇంట తెలుగు మాటలాడుట మానలేదు. అట్టి వ్యవసాయ కుటుంబమున, కలంగల్ గ్రామమున, 1893 మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించెను.

ఆయన బాల్యముననే తల్లిని కోల్పోయెను. బడిచదువు ఆయనకు రుచింపలేదు. అది కొద్దికాలములోనే ముగిసెను. యౌవనమున ఒకనాడు ఒక ఆంగ్లేయోద్యోగి మోటారు సైకిలుపై వచ్చుట ఆయన కంటబడెను. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు. ఐనను బండి పరుగెత్తుచున్నది! ఆ రహస్యమును తెలిసికొనవలెనను కోరిక ఆయనను నిలువనీయలేదు. కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరి, పైసా పైసా కూడబెట్టి, 300 రూపాయలకు ఒక మోటారు సైకిలును కొనెను. దానిపై షికారు చేయుట ఆయన కోరిక కాదు. ఒక్కొక్క భాగమును విప్పి, అది చేయు పనియేమో పరిశీలించి, మరల యథాస్థానమున బిగించెను. ఆయనకు అదియే పాఠశాల, అదియే పాఠ్యపుస్తకము.

విద్యార్థులారా! విప్పుట సులభము, మరల బిగించుటయే విద్య. ఒక ఉదాహరణము చూడుడు. బోధన్, నిజామాబాదు వీథులలో పెట్రోలుతో నడచు జీపులు, అంబాసిడరు కార్లు తిరిగిన దినములలో వాని ఇంజనుకు డిస్ట్రిబ్యూటరు అను భాగముండెడిది. సిలిండరులకు వరుస తప్పకుండ, తగిన క్షణమున విద్యుత్తును పంచి నిప్పురవ్వ పుట్టించుట దాని పని. దాని ఇరుసును ఇంజనులోని మరియొక ఇరుసు త్రిప్పును. అందుచే దాని అడుగుభాగము ఇంజను నూనెకు చేరువలో నుండును. చుట్టునున్న రబ్బరు రింగు ముదిరి గట్టిపడినచో నూనె బయటికి కారును. లోపలి బుష్షు అరిగినచో నూనె పైకెగబ్రాకి పాయింట్లను తడుపును. అప్పుడు నిప్పురవ్వ బలహీనమై బండి మొరాయించును.

తెలియనివాడు నూనెను గుడ్డతో తుడిచి తృప్తిపడును. నాలుగు దినములలో కథ మొదటికి వచ్చును. తెలిసినవాడు నూనె ఎచ్చటినుండి వచ్చుచున్నదో వెదకును. డిస్ట్రిబ్యూటరును ఊడదీయుటకు ముందే రోటరు ఏ దిక్కునకు చూచుచున్నదో, పైభాగము ఎట్లు నిలిచియున్నదో గుర్తు పెట్టుకొనును. పిదప రింగు మార్చును. ఇరుసు అటునిటు ఊగుచున్నచో బుష్షును కూడ మార్చును. గుర్తులు కలియునట్లు బిగించును. గుర్తు తప్పినచో నిప్పురవ్వ వేళ తప్పును. కొత్త రింగు వేసినను బండి కదలదు. నేటి పెట్రోలు కార్లలో డిస్ట్రిబ్యూటరు లేదు. కాని ఈ నీతి పాతబడలేదు. మోటారు సైకిలును విప్పి బిగించిన నాడు నాయుడు స్వయముగా నేర్చిన విద్య ఇట్టిదే.

ఆ విద్యయే ఆయనకు జీవనాధారమైనది. 1920వ సంవత్సరమున, పారిశ్రామికుడు రాబర్టు స్టేన్సు ధనసహాయముతో ఒక బస్సును కొని, పొల్లాచి, పళని పట్టణముల నడుమ తానే నడిపెను. క్రమముగా అది యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థగా పెరిగెను.

అంతటితో ఆయన జిజ్ఞాస తీరలేదు. చిన్న మోటారుతో పనిచేయు గడ్డపు కత్తిని రూపొందించెను. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశమున విద్యుత్ మోటారును తయారుచేసెను. 1941లో సామాన్యులకు అందుబాటుగా 70 రూపాయలకే రేడియో నీయవచ్చునని చాటెను. 1952లో ఇరువురు కూర్చుండు పెట్రోలు కారును 2,000 రూపాయలకే లభించునట్లు నిర్మించెను. కాని దానిని ఉత్పత్తి చేయుటకు ప్రభుత్వము అనుమతి నీయలేదు. చేతికందిన పంట ఇంటికి చేరని రైతువలె ఆయన నొచ్చుకొనియుండవచ్చును. ఐనను చేతిలోని పనిముట్టును విడువలేదు.

చేతిపని నేర్వని చదువు కుంటిదని ఆయన తలచెను. కోయంబత్తూరున 1945లో వెలసిన ఆర్థర్ హోప్ సాంకేతిక కళాశాలకు అండగా నిలిచెను. ఏండ్ల తరబడి పుస్తకములు వల్లించుటకంటె, యంత్రము ముందు నిలిచి పనిచేయుచు తక్కువ కాలములో నేర్చుట మేలని వాదించెను. ఆ వాదమును పెద్దలందరు అంగీకరింపలేదు. నాటి ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

1974 జనవరి 4వ తేదీన నాయుడు కన్నుమూసెను. ఆయన సేకరించిన యంత్రములు, నిర్మించిన వస్తువులు కోయంబత్తూరు ప్రదర్శనశాలలో నేటికిని చూపరులకు పాఠములు చెప్పుచున్నవి.

బడిని విడిచినందువలన ఆయన గొప్పవాడు కాలేదు. నేర్చుకొనుటను ఎన్నడును విడువనందువలన గొప్పవాడయ్యెను. మన యింట ఒక వస్తువు చెడినప్పుడు దానిని మూలకు పాఱవేయక, పెద్దల అనుమతితో, గుర్తులు పెట్టుకొని విప్పి చూతము. చెడుటకు కారణమును కనుగొన్నవాడే దానిని బాగుచేయగలడు.