అబూ దర్దా (రజి) ఇంటికి వచ్చిన అతిథి

హజ్రత్ అబూ దర్దా (రజి) పేరు వినగానే మనకు గుర్తొచ్చేది ఆయన ఆరాధన, ఆయన జ్ఞానం. ఆయన మొదట వ్యాపారి అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. అసలు పేరు ఉవైమిర్. మదీనాలోని ఖజ్రజ్ తెగకు చెందిన అన్సారీ. బద్ర్ యుద్ధం (హిజ్రీ 2) నాటికి గానీ ఇస్లాం స్వీకరించలేదు. తోటివారికంటే వెనుకబడ్డానన్న ఆరాటం కాబోలు, ధర్మం వైపు వచ్చాక ఆయన ఇక ఆగలేదు. వ్యాపారాన్నీ ఆరాధననూ కలిపి నడపాలని చూశారు. కుదరక వ్యాపారాన్నే వదిలేశారు. అది హరామ్ అని కాదు, ఆ సంగతి ఆయనే స్పష్టం చేశారు.

పగలు రోజా, రాత్రి నమాజు. చూసేవారికి ఇంతకంటే ఉత్తమ జీవితం ఉంటుందా అనిపిస్తుంది. కాని ఆ ఇంట్లో ఒక ఇల్లాలు ఉంది.

దైవప్రవక్త (సల్లం) ఆయనకూ హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి)కీ మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకరోజు సల్మాన్ (రజి) ఆయన ఇంటికి వచ్చారు. ఉమ్మె దర్దా (రజి) మాసిన, అలంకరణలేని దుస్తుల్లో కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనిలేదని ఆమె చెప్పారు. ఫిర్యాదంటే అంతే, ఆ ఒక్క మాటే.

అబూ దర్దా (రజి) వచ్చి అతిథికి భోజనం పెట్టించారు. తాను మాత్రం రోజాతో ఉన్నానన్నారు. మీరు తింటేనే నేనూ తింటానని సల్మాన్ (రజి) పట్టుబట్టారు. నఫిల్ రోజా విరమించక తప్పలేదు. రాత్రి అబూ దర్దా (రజి) నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. కాసేపటికి మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు, ప్రభువుకే కాక మీ దేహానికీ మీ భార్యకూ మీపై హక్కుందనీ, ఎవరి హక్కు వారికివ్వాలనీ బోధించారు. అబూ దర్దా (రజి) వెళ్ళి ఈ సంగతంతా దైవప్రవక్త (సల్లం)కు విన్నవించారు. సల్మాన్ చెప్పింది నిజమేనని ఆయన ధ్రువపరచారు. ఇది సహీహ్ బుఖారీలోని హదీసు.

దీన్ని మనం ఆరాధనలో అతికి చెప్పిన హెచ్చరికగానే చదువుతాం. నిద్ర, భోజనం, భార్యతో గడిపే సమయం నఫిల్ ఆరాధన కోసమే మింగేయరాదంటే, రాత్రి పదకొండు దాకా దుకాణం తెరిచి ఉంచే మనకు ఇందులో ఎంత మినహాయింపు దొరుకుతుంది? పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరి, ఇదంతా వారికోసమే అంటాం. ఆ హక్కు డబ్బుతో తీరేది కాదని మా అభిప్రాయం.

తరువాతి జీవితంలో ఆయన సోమరిగా ఏమీ కూర్చోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సిరియా ప్రజలకు ఖుర్ఆన్ నేర్పడానికి వెళ్ళి డమాస్కస్‌లో స్థిరపడ్డారు. మసీదులో విద్యార్థులను పదేసి మందిగా కూర్చోబెట్టి, ప్రతి బృందానికీ ఒక పర్యవేక్షకుణ్ణి పెట్టేవారు. విద్యార్థులు 1600 మందికి పైగా ఉన్నారని ఒక ఉల్లేఖనం. ఆ నగరానికి ఖాజీగానూ పనిచేశారు. ఇంత పనిలోనూ మనసుకు అప్పుడప్పుడూ కాస్త వినోదం ఇచ్చేవారట, సత్యకార్యానికి మళ్ళీ బలం పుంజుకోవడానికి.

డమాస్కస్‌లోనే ఒకసారి ఆయన మొక్క నాటుతూ కనిపించారు. ఇంతటి సహాబీ ఈ పని చేయడమేమిటని ఒక వ్యక్తి ఆశ్చర్యపోయాడు. మనిషిగాని, మరే ప్రాణిగాని దాని ఫలం తింటే నాటినవానికి దానం చేసిన పుణ్యం దక్కుతుందని దైవప్రవక్త (సల్లం) నోట విన్నానని ఆయన వివరించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 32 ప్రాంతంలో, ఆ నగరంలోనే కన్నుమూశారు.