దామెర్ల రామారావు: ఇరవై ఎనిమిదేళ్ళ జీవితం, నూరేళ్ళ వెలుగు

మీలో ఎవరైనా ఎప్పుడైనా హైదరాబాదులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్ నగర్ వైపు వెళ్ళి ఉంటే, పెద్ద పెద్ద బంగళాలు, స్టూడియోల గేట్లు, తారల బొమ్మలున్న ప్రకటనలు చూసే ఉంటారు. చూపరులకు అంతవరకే కనబడుతుంది. ఆ గేట్లముందు చంకలో బొమ్మల ఫైలు పెట్టుకుని నిలబడే కుర్రవాళ్ళు ఎవరి కంటా పడరు. సన్నివేశం ఎలా ఉండాలో ముందుగా కాగితం మీద గీసి చూపేవారు, సెట్టుకు నమూనా బొమ్మలు వేసేవారు, దుస్తులకు స్కెచ్‌లు గీసేవారు వీరిలో ఉంటారు. వీరిలో చాలామందికి నెల జీతం లేదు. బొమ్మ నచ్చితే డబ్బు, నచ్చకపోతే తిరుగు బస్సు. ఒకప్పుడు గోడలంత సినిమా బొమ్మలు చేత్తో వేసి బ్రతికినవారి పని ఫ్లెక్సీలు, కంప్యూటర్లు వచ్చాక చాలావరకు పోయింది.

మన ఇళ్ళలో కూడా నోటుపుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు గీసుకునే పిల్లలున్నారు. వాళ్ళను చూసి మనం ముందు మెచ్చుకుంటాం, పదవ తరగతి దాటగానే భయపడతాం. బొమ్మలు అన్నం పెడతాయా అని అడుగుతాం. ఆ ప్రశ్న తప్పేమీ కాదు, తల్లిదండ్రులు అడగవలసినదే. అయితే దానికి ఒక మనిషి తన జీవితంతోనే జవాబు చెప్పారు. ఆయన మన తెలుగువాడు, గోదావరి ఒడ్డున పుట్టినవాడు. ఈ వారం ఆ దామెర్ల రామారావు గారి కథ మీతో పంచుకుంటాను.

గోదావరి ఒడ్డున

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. అక్కడ గోదావరి మీద తొలి రైలు వంతెన పని మొదలైన సంవత్సరం అది. కందుకూరి వీరేశలింగం పంతులు గారి సంస్కరణోద్యమం ఊరిని కుదిపేస్తున్న కాలం. చదువుకున్న కుటుంబాల వారు కొడుకు ప్లీడరో, గుమాస్తానో, ఉపాధ్యాయుడో కావాలని కోరుకునేవారు. చిత్రకారుడు అనే ఉద్యోగం ఎవరి లెక్కలోనూ లేదు. దేవుళ్ళ బొమ్మలు, రాజుల బొమ్మలు వేసేవారు ఉన్నా అది కులవృత్తిగానో, వేడుకగానో ఉండేది. రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు మాత్రం ఇంటింటి గోడలకూ చేరాయి. బొమ్మల మీద ఇష్టమున్న పిల్లవాడికి అవే పాఠ్యపుస్తకాలు.

రామారావు గారికి పాఠాల మీదకన్నా పెన్సిలు మీద ధ్యాస ఎక్కువ. అలాంటి పిల్లవాడికి ఊళ్ళో ఒక మేలు జరిగింది. 1909లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా వచ్చారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. సెలవు దొరికితే చాలు, శిష్యులను వెంటబెట్టుకుని గోదావరి గట్టుకూ, కొండలకూ వెళ్ళి బొమ్మలు వేయించేవారు. తరువాతి రోజుల్లో నవలాకారుడిగా, చిత్రకారుడిగా పేరుపొందిన అడవి బాపిరాజు గారు, కవి కవికొండల వెంకటరావు గారు, చిత్రకారుడు వరదా వెంకటరత్నం గారు ఆ గుంపులోని వారే.

ఒక్క సంగతి గమనించండి. ఆ దొర తమ దేశపు బొమ్మలను చూసి గీయమని పిల్లలకు చెప్పలేదు. మీ ఊరిని చూడండి, మీ మనుషులను చూడండి, మీ అజంతాను చూడండి అన్నదే ఆయన నేర్పిన పాఠం. బిందెతో నీళ్ళు తెచ్చే స్త్రీ, పడవ నడిపే సరంగు, సంతకు వెళ్ళే ఎడ్లబండి కూడా బొమ్మకు అర్హమైనవే అని రామారావు గారికి అక్కడ తెలిసింది.

బొంబాయి చదువు

కూల్డ్రే గారి ప్రోద్బలంతో, సహాయంతో రామారావు గారు 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. రాజమండ్రి నుండి బొంబాయి అప్పట్లో ఎంత దూరమో ఊహించుకోండి. భాష తెలియదు, తిండి వేరు. అయినా నాలుగేళ్ళు పట్టుదలగా చదివి 1920లో చదువు పూర్తి చేశారు. మనిషి శరీరాన్ని ఉన్నది ఉన్నట్టు గీయడం, తైలవర్ణాలు వాడడం, వెలుగునీడలు పట్టుకోవడం అక్కడ బాగా వంటబట్టాయి. ఇంతలో 1919లో కూల్డ్రే గారు ఇంగ్లండు వెళ్ళిపోయారు. గురువు ఊళ్ళో లేరు, శిష్యుడు మాత్రం తన కాళ్ళమీద నిలబడే స్థితికి వచ్చారు.

ఆ రోజుల్లో మన దేశంలో చిత్రకళ రెండు దారులుగా చీలి ఉంది. బొంబాయి వారిది పాశ్చాత్య పద్ధతి. కలకత్తాలో అవనీంద్రనాథ టాగూరు గారి బాటలో నడిచినవారిది పలుచని రంగుల, మసకల పద్ధతి. మన మచిలీపట్నం జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ గారు నేర్పింది ఈ రెండవదే. రామారావు గారు రెండింటినీ గౌరవించారు గాని దేనికీ బందీ కాలేదు. బొంబాయి నేర్పిన కొలతలు, అజంతా నేర్పిన గీత, గోదావరి జిల్లాల మనుషులు ఆయన బొమ్మల్లో కలిశాయి. ఆయన స్త్రీ మూర్తుల చీరకట్టు, కొప్పు, నిలబడే తీరు చూస్తే ఎవరికైనా ఇది మన ఆంధ్రదేశమే అనిపిస్తుంది.

సొంత చేతుల సంపాదన

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చదువు అయిపోయింది, మరి బ్రతుకు ఎలా?

జీతం లేని చిత్రకారుడికి ఆ రోజుల్లో సంపాదనకు మూడు దారులుండేవి. మొదటిది, కలిగినవారికి రూపచిత్రాలు వేసి ఇవ్వడం. రామారావు గారు గుజరాతు, కాఠియావాడు ప్రాంతాల్లో తిరిగి అక్కడి సంస్థానాల వారికి రూపచిత్రాలు వేశారు. ఇందులో డబ్బు ఉంటుంది గాని ఎదుట కూర్చున్నవారి మెప్పు మీద ఆధారపడాలి. రెండవది, ప్రదర్శనలకు బొమ్మలు పంపడం. కలకత్తా, మద్రాసు వంటి నగరాల్లో ఏటా ప్రదర్శనలు జరిగేవి. బొమ్మను జాగ్రత్తగా చెక్కపెట్టెలో కట్టి రైల్లో పంపాలి. బహుమతి వస్తే పేరు, కొనేవారు దొరికితే డబ్బు, లేకపోతే ఖర్చు మనదే. మూడవది పత్రికలు. రంగుల అచ్చు అప్పుడే మన దేశానికి అలవాటవుతోంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో భారతి మాసపత్రిక మొదలుపెట్టాక, తెలుగు చిత్రకారుల రంగుల బొమ్మలు పల్లెటూరి పాఠకుల చేతిలోకి కూడా వెళ్ళసాగాయి.

ఈ మూడు దారుల్లోనూ నడవాలంటే ముందు చేతినిండా పని ఉండాలి. రామారావు గారు ఎక్కడికి వెళ్ళినా స్కెచ్ పుస్తకం వెంట ఉండేది. రైలుపెట్టెలో, రేవులో, గుడి మెట్ల మీద కనబడినదల్లా గబగబా నాలుగు గీతల్లో పట్టుకునేవారు. అమ్ముడయ్యే పెద్ద చిత్రం ఒకటి తయారు కావాలంటే వెనుక అమ్ముడుపోని చిత్తుబొమ్మలు ఎన్నో ఉండాలి. ఆ చిత్తుబొమ్మలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. అసలు కష్టమంతా వాటిలోనే ఉంటుంది. ఇంట్లో బొమ్మలు గీసే బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఆయన కష్టానికి ఫలితం 1922లో కనబడింది. కలకత్తా ప్రదర్శనలో ఆయన వేసిన ఋష్యశృంగ బంధనం అనే చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. ఆయన గీసిన గోదావరి దృశ్యం ఒకటి అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ గారికి నచ్చి కొనుక్కున్నారు. ఏ నది గట్టున కూర్చుని చిన్నప్పుడు బొమ్మలు నేర్చుకున్నారో, ఆ నది బొమ్మే రాజప్రతినిధి ఇంటికి వెళ్ళింది. 1924లో లండనులోని వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనలో కూడా ఆయన చిత్రాలు ఉంచారు.

తిరిగి సొంత ఊరికి

ఇంత పేరు వచ్చినవారు సాధారణంగా ఏం చేస్తారు? బొంబాయిలోనో, కలకత్తాలోనో స్థిరపడతారు. కొనేవారు, మెచ్చేవారు అక్కడే కదా ఉంటారు. రామారావు గారు మాత్రం రాజమండ్రికే వచ్చారు. 1923 నాటికి మిత్రుడు వరదా వెంకటరత్నం గారు మొదలైన వారితో కలిసి అక్కడ చిత్రకళాశాల నడపసాగారు. బొమ్మలు నేర్చుకోవాలంటే తనలాగా ఏ తెలుగు పిల్లవాడూ వెయ్యి మైళ్ళు వెళ్ళవలసిన అవసరం ఉండకూడదని ఆయన ఆశయం.

ఇంకొక విశేషం మన కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. ఆయన భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణి. సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రాలు వేశారు. ఆడపిల్లను బడికి పంపడానికే పెద్దలు సందేహించే రోజుల్లో ఆ ఇంటి స్త్రీల చేతుల్లో కుంచెలున్నాయి. తలాంతు తనకొక్కడికే ఇచ్చినది కాదని, పక్కవారిలో కూడా దాన్ని వెతికి వెలికి తీయాలని ఆయన నమ్మారని మనం అనుకోవచ్చు. కూల్డ్రే గారు తనకు చేసిన మేలును ఆయన ఇలా తిరిగి తీర్చారు.

అర్ధాంతరంగా

ప్రియ పాఠకులారా, ఇక్కడినుండి కథ చెప్పడం కష్టం. ఆ కాలంలో మశూచి మన ఊళ్ళను ఏటా పట్టి పీడించేది. 1977లో గాని మన దేశానికి దాని పీడ విరగడైందని ప్రకటించలేదు. అప్పటివరకు అది ఎన్ని ఇళ్ళ దీపాలు ఆర్పిందో మీ ఇళ్ళలోని పెద్దవారిని అడిగితే చెబుతారు. 1925లో ఆ వ్యాధి రామారావు గారికి సోకింది. ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు. ఇరవై ఎనిమిదవ పుట్టినరోజుకు ఇంకా నెల రోజులు ఉంది.

చదువు ముగించుకుని బయటికి వచ్చాక ఆయనకు దక్కింది అయిదేళ్ళు కూడా లేదు. కాని ఆయన విడిచి వెళ్ళినది చూడండి: ముప్పైకి పైగా తైలవర్ణ చిత్రాలు, నూరుకు మించిన నీటిరంగుల చిత్రాలు, వందల చిత్తుబొమ్మలు, ఇరవైకి పైగా స్కెచ్ పుస్తకాలు. పొలాలు, నగలు కాదు, కాగితాలూ కాన్వాసులూ. ఇంటివాళ్ళు, మిత్రులు వాటిని చిల్లర వస్తువుల్లా చూసి ఉంటే పదేళ్ళలో చెదలు తినేసేవి. వాళ్ళు అలా చేయలేదు. బొమ్మలు చెదిరిపోకుండా కాపాడారు. వెంకటరత్నం గారు చిత్రకళాశాలను ఆగిపోనివ్వలేదు, మిత్రుని పేరు మీద పిల్లలకు నేర్పుతూ వచ్చారు. ఆ శ్రమ ఫలితంగానే రాజమండ్రిలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరం వెలసింది, తరువాత ప్రభుత్వం దాన్ని చేపట్టింది. ఈనాడు రాజమహేంద్రవరం వెళ్ళినవారు ఆయన చిత్రాలను అక్కడ చూడవచ్చు.

ఆయన సహాధ్యాయి బాపిరాజు గారు తెలుగు టాకీల తొలి రోజుల్లో కళాదర్శకులుగా పనిచేశారు. ఆ విధంగా కూల్డ్రే గారి గోదావరి గట్టు బడి నుండి మన సినిమా వరకు ఒక సన్నని పాయ పారింది. ఫిల్మ్ నగర్ గేటు ముందు ఫైలు పట్టుకుని నిలబడిన కుర్రవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. కాని అతడు నడిచే దారిలో అతనికంటే ముందు కొందరు నడిచి వెళ్ళారు.

మన ఇంటి సంగతి

మరి బొమ్మలు అన్నం పెడతాయా? రామారావు గారి జీవితం చూసి అవునని తేలికగా చెప్పలేం. ఆయనకు గొప్ప తలాంతు ఉంది, గుర్తించిన గురువు దొరికారు, నాలుగేళ్ళ కఠినమైన శిక్షణ ఉంది, చివరిదాకా మానని సాధన ఉంది. ఇవన్నీ ఉన్నా రాబడి నెలనెలా వచ్చేది కాదు, ఎవరో ఒకరు మెచ్చి కొంటే వచ్చేది. ఈ నిజాన్ని పిల్లలకు దాచకుండా చెప్పాలి. సొంతంగా బొమ్మలు అమ్ముకుని బ్రతకదలచినవాడు గీతతో పాటు లెక్క కూడా నేర్చుకోవాలి. కాగితం ఖరీదు, రంగు ఖరీదు, తన రోజు ఖరీదు తెలిసి ఉండాలి. ఉచితంగా ఒక బొమ్మ వేసిపెట్టు బాబూ అని అడిగే బంధువులకు మర్యాదగా జవాబు చెప్పడం కూడా రావాలి.

మనం పెద్దవాళ్ళం చేయగలిగినది కూడా ఒకటుంది. ఆ పిల్లవాడు కూల్డ్రే గారిలాంటి మనిషి కంటబడేదాకా వాడి చేతిలోని పెన్సిలు లాక్కోకుండా ఉండడం. వీలైతే మనమే ఆ మనిషి కావడం. మీ వీధిలో బొమ్మలు వేసి అమ్ముకునేవారుంటే, వచ్చే పండుగకు బజారులో అచ్చుబొమ్మ కొనే బదులు వారి దగ్గర ఒకటి కొనండి. బేరం మరీ గీచి గీచి ఆడకండి. మీరిచ్చే ఆ నాలుగు రూపాయలతో మరో స్కెచ్ పుస్తకం వస్తుంది. అందులో ఏముంటుందో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?