బందరు నాటకరంగాన హిందుస్తానీ: నాదెళ్ళ పురుషోత్తమ కవి

ఉర్దూ, హిందుస్తానీ అనంగానే మనవాళ్ళకు ఢిల్లీ, లక్నో, లేదంటే మన హైదరాబాదే యాదికొస్తయి. సముద్రపు ఒడ్డున ఉన్న బందరు ఎవరికీ తోచదు. ఆ ఊళ్ళో ఒక తెలుగు కవి రెండు మూడేండ్లలో ముప్పై రెండు నాటకాలు హిందుస్తానీలో రాసి ఆడించారంటే మన పిల్లలు నమ్మరు. ఆయనే నాదెళ్ళ పురుషోత్తమ కవి గారు.

బందరు అంటే మచిలీపట్నం. గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో అది రాజ్యానికి సముద్రపు దర్వాజా వంటిది. ఇరాను ఓడలు అక్కడికే వచ్చేవి. 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ కోఠీ పెట్టుకున్నారు. అద్దకపు బట్టకు ఇయ్యాళ్టికీ ఉన్న కలంకారీ అన్న పేరు ఫారసీ మాటే.

పురుషోత్తమ కవి గారు 1863లో దివి తాలూకా సీతారామపురంలో పుట్టారు. మరుసటేడు నవంబరు 1న తుఫాను ఉప్పెన వచ్చి బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మందిని తీసుకపోయింది. ఓడల వ్యాపారం అంతకుముందే తగ్గుముఖం పట్టింది, ఇక కోలుకోలేదు. ఆయన పెద్దవాడయ్యే నాటికి ఊరిలో పాత వైభవం పోయింది గాని, రేవు ఊరికి ఉండే నాలుగు భాషల అలవాటు మాత్రం పోలేదు.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు కోస్తా ఊళ్ళల్లో హిందుస్తానీ నాటకాలు ఆడారు. రాజమండ్రిలో వాటిని చూసే కందుకూరి వీరేశలింగం గారు తెలుగు నాటకం వేయించారు. బందరులో మాత్రం దారి వేరయింది. అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం పురుషోత్తమ కవి గారు 1884-86 నడుమ ఆ భాషలోనే నాటకాలు రాశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి, ఇరవై మూడు! కథలు ఎక్కువగా పురాణాలవి, పాటలు దండిగా ఉండేవి. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. పుస్తకాలలో వీటిని హిందీ నాటకాలంటారు. నేను హిందుస్తానీ అనే అంటాను. ఆ రోజులలో సంతలో, రేవులో జనం నోట ఉన్నది అదే గదా.

విచిత్రం ఏమంటే, సరిగ్గా అదే 1884లో నిజాం సర్కారు ఫారసీని తీసి ఉర్దూను దఫ్తరు భాష చేసింది. ఇక్కడ ఆ భాష హుకుంతో వచ్చింది. అక్కడ ఏ హుకుమూ లేదు, జనం టికెట్టు కొని విన్నారు.

ఇంకొక సంగతి మనకు ముఖ్యం. ఈ నాటకాలన్నీ తెలుగు లిపిలో రాసినవి. చదివే నటులు తెలుగువాళ్ళు మరి. మన ఇండ్లల్లో ఇప్పుడు ఇదే నడుస్తున్నది: పోరగాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, రాయమంటే తెలుగులో రాస్తారు. ఉర్దూ పంతులుగా నాకిది కష్టంగానే ఉంటది. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగూ తెలుగులో ఒక్క "జ" అయిపోతయి. ఖాఫ్‌ను మన దక్కనీవాళ్ళం ఎట్లాగూ "ఖ" అనే పలుకుతం, దానికి తెలుగును తప్పుపట్టలేం. అక్షరాలు రానివాళ్ళకు ఆ భాషే అందకుండా చేసేకంటే ఆయన చేసిన పని మేలు. అయినా, అలీఫ్ బే నేర్పడం మానవద్దనే నా మాట.

తరువాత ఆయన తెలుగులో నాటకాలు, హరికథలు ఎన్నో రాశారు. బుధవిధేయిని అనే పత్రిక నడిపారు. తెలుగు రంగస్థలం మీద పార్సీ మట్లు, తబలా, పరదా స్థిరపడ్డాయి గాని హిందుస్తానీ నాటకం నిలువలేదు. 1938 నవంబరులో ఆయన కాలం చేశారు. ఆ నాటకాలను చాన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. హైదరాబాదులో హిందీ ఆచార్యులుగా ఉన్న భీంసేన్ నిర్మల్ గారు వాటిమీద పరిశోధన చేసినాకనే ఉత్తరాది పండితులకు కూడా బందరు పేరు తెలిసింది.