ఫ్లెమింగ్ గాజు పళ్లెం, మన పిల్లల సెగ్గడ్డలు

మామిడి పళ్ల కాలంలో పిల్లల మెడ మీదో, తొడ మీదో ఒక సెగ్గడ్డ లేస్తే, వేడి చేసిందిలే అనుకుంటాం. పాపం, పండు తప్పేమీ లేదు. చాలా గడ్డలకు కారణం స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా. మైక్రోస్కోప్‌లో ద్రాక్ష గుత్తిలా కనిపిస్తుంది. దీన్ని గాజు పళ్లేల్లో పెంచుతూ గడిపిన ఒక డాక్టర్ గారి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. తెలియని సగం ఇంకా ముఖ్యం.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1881లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. ఏడేళ్లకే తండ్రి పోయారు. లండన్ చేరి, ఓడల కంపెనీలో నాలుగేళ్లు గుమస్తాగా పనిచేసి, బంధువు ఒకరు వదిలిన కొద్దిపాటి డబ్బుతో 1901లో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్యవిద్యకు చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కుళ్లడం కళ్లారా చూశారు. లోతైన గాయాల్లో పోసే ఘాటు మందులు క్రిములకంటే ఒంట్లోని తెల్లకణాలకే ఎక్కువ హాని చేస్తున్నాయని నిరూపించారు.

1928 సెప్టెంబరులో సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి, స్టెఫిలోకాకస్ పెంచిన ఒక పళ్లెంలో బూజు పట్టింది. మనమైతే కడిగి పెట్టేవాళ్లం. ఆయన మాత్రం బూజు చుట్టూ బాక్టీరియా కరిగిపోయి ఖాళీ ఏర్పడిందని గమనించారు. అదే పెన్సిలిన్. ఆ ఖాళీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

దాన్ని మందుగా మార్చింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ బృందం. 1941లో వాళ్లు మొదట వైద్యం చేసిన ఒక పోలీసు కానిస్టేబుల్ కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయింది. ఆయన మూత్రం నుంచి మందు తిరిగి తీసి ఇచ్చినా సరిపోలేదు, చనిపోయారు.

1945లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఆ వేదిక మీద ఫ్లెమింగ్ తన మందును పొగుడుకోలేదు. ఒక ఊహాకథ చెప్పారు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన తనే పెన్సిలిన్ కొనుక్కుని, చాలీచాలకుండా వాడతాడు. చావని క్రిములు మందుకు అలవాటుపడి, ఆయన భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తే అదే పెన్సిలిన్ పనిచేయదు. ఆమె చనిపోతుంది. మందుల షాపులో రెండు మాత్రలు అడిగి తెచ్చుకునే మన ఇళ్ల గురించే చెప్పినట్టు లేదూ!

ఆయన 1955లో మరణించారు. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కోసం మెథిసిలిన్ తయారైతే, 1961 నాటికే దానికీ లొంగని రకం ఇంగ్లండ్‌లో బయటపడింది. దాన్నే ఎం.ఆర్.ఎస్.ఏ. అంటారు.

మరి మీ బాబు గడ్డ అలాంటిదేనా అని ఇంట్లో తేల్చుకోగలరా? లేదు. చూపుకి రెండూ ఒకటే: ఎర్రగా, వేడిగా, నొప్పిగా, మధ్యలో చీముతో. పురుగు కుట్టిందేమో అనిపిస్తుంది కూడా. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, టైము రాసుకోండి. ఎరుపు గీత దాటినా, జ్వరం వచ్చినా, గడ్డ కంటి దగ్గరో ముక్కు మీదో ఉన్నా, పసిబిడ్డకైనా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా తగ్గకపోయినా, గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తున్నా, ఇంట్లో ఇంకొకరికీ వచ్చినా ఆ మాట తప్పక చెప్పండి. చీము మీరు పిండకండి. చిన్న గడ్డకి చాలాసార్లు డాక్టర్ కోసి చీము తీయడమే వైద్యం, మాత్రలే అక్కర్లేకపోవచ్చు.

అసలు పరీక్ష చీముకి చేసే కల్చర్ అండ్ సెన్సిటివిటీ. ల్యాబ్‌లో ఆ క్రిముల్ని పళ్లెంలో పెంచి, మీద వేర్వేరు మందుల చిన్న బిళ్లలు పెడతారు. ఏ బిళ్ల చుట్టూ తగినంత వెడల్పు ఖాళీ ఏర్పడితే ఆ మందు పనిచేస్తుంది. ఫ్లెమింగ్ చూసిన ఖాళీ ఇదే! రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వడం మంచిది, అందుకే ఇంట్లో మిగిలిన పాత మాత్రలు వేయకండి.

ఈలోగా గడ్డ మీద శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి, తువ్వాలు వేరుగా పెట్టండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. కట్టు కింద చీము ఆగకుండా కారుతుంటే బడికి పంపకండి, క్లాస్ టీచర్‌కి ఒక మెసేజ్ పెడితే చాలు.