రాయలు - రౌతుబలము

శ్రీకృష్ణదేవరాయలను కవిగా, కవిపోషకుడుగా, విజేతగా మనమెల్లరము ఎఱుగుదుము. ఆయన జీవితమున గుఱ్ఱమునకు గల స్థానమును మాత్రము అంతగా స్మరింపము.

తుళువ నరసనాయకునకు నాగలాంబయందు జన్మించిన రాయలు, అన్న వీరనరసింహుని యనంతరము 1509లో సింహాసనమెక్కెను. ఉత్తరమున సుల్తానులు, తూర్పున గజపతులు బలవంతులై యుండిరి. వారి నెదుర్కొనుటకు మేలైన రౌతుబలము కావలెను. మేలుజాతి గుఱ్ఱములో, హొర్ముజు రేవునుండి ఓడలపై సముద్రము దాటి రావలెను.

గుఱ్ఱము పుట్టుకతో బెదురు జంతువు. పరుగే దానికి రక్షణ. ఇఱుకైన చీకటి తావులోనికి, కాలిక్రింద బోలుగా మ్రోగు పలకపైకి అది తనంత తాను అడుగిడదు. కొరడాతో తోలినచో ఒకనాడెక్కును. మఱునాడు దూరమునుండియే బెదరును. ముందుకాళ్లు మోపనిచ్చి, వెనుకకు దిగనిచ్చి, మేత చూపి, మెడ నిమిరి, నాలుగునాళ్లు ఓర్చినవానినే అది నమ్మును. నేడు లారీ నెక్కించువారికిని ఇదియే మార్గము. ఇక ఓడలో అలల ఊపున నిలిపి, ప్రాణములతో దరిచేర్చుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

త్రోవలో చచ్చిన గుఱ్ఱములకు తోకలు తెచ్చి చూపినను సాళువ నరసింహరాయలు వెల చెల్లించెడివాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినాడు. నష్టభయము లేనందున వర్తకులు ఉత్సాహముతో వచ్చుచుండిరి. కృష్ణరాయలును ఈ మర్మమెఱిగినవాడే. రేవులను బాగుచేయవలెననియు, గుఱ్ఱములు తెచ్చు దూరదేశపు వర్తకులను మన్ననతో, తగిన లాభముతో తనవారినిగా చేసికొనవలెననియు, ఆ గుఱ్ఱములు పగవారికి చేరనీయరాదనియు ఆముక్తమాల్యదలో రాజనీతిగా బోధించెను.

రాయలు స్వయముగా మంచి రౌతు. తెల్లవాఱక మునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించి, సాముచేసి, పిదప గుఱ్ఱమెక్కి వేకువ వఱకు మైదానమున స్వారి చేసెడివాడని, ఆయనను కన్నులార చూచిన పేస్ తెలిపినాడు. రాయల సవతితమ్ముడు అచ్యుతరాయల కాలమున కొలువులో 1,600 మంది గుఱ్ఱపువాండ్రు, 300 మంది అశ్వశిక్షకులు ఉండిరని న్యూనిజ్ లెక్క.

ఆ బలముతోనే రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచి, కొండపల్లిని లోగొని తెలంగాణమున ప్రవేశించెను. సూర్యాపేట చేరువనున్న ఉండ్రుగొండ, ఉర్లుగొండ, అర్వపల్లి, కోదాడ చెంతనున్న అనంతగిరి, మఱియు నల్లగొండ ఆయన గెలిచిన దుర్గములుగా శాసనమున కెక్కినవి. 1520 నాటి రాయచూరు యుద్ధమునకును గుఱ్ఱమే నిమిత్తము. గోవాలో గుఱ్ఱములు కొనుమని పంపిన 40,000 పరదావుల ధనముతో సీదీ మర్కర్ అను వర్తకుడు బిజాపూరు సుల్తాను చెంత చేరెనని న్యూనిజ్ కథనము. నమ్మకము చెడినచోట యుద్ధము వచ్చెను.

1529లో రాయలు కీర్తిశేషుడాయెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల విద్యార్థులు తమ యెదుటి గుట్టలపై శిథిలమైన కోటగోడలను చూచునపుడు రాజును, రౌతును మాత్రమే తలచిన చాలదు. బెదరిన గుఱ్ఱమును చేతితో నిమిరి ఓడ నెక్కించిన, పేరు మిగులని మనుష్యులును ఆ విజయమున పాలివారే.