లామార్కస్ థామ్సన్

ఓరుగల్లు చెంత ఐనవోలు మల్లన్న జాతరలో రంగులరాట్నమెక్కి కేరింతలు కొట్టని బాలుడుండడు. అట్టి వినోదమునే వేరొక రూపమున లోకమున కందించినవాడు లామార్కస్ థామ్సన్. ఈతడు 1848లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జన్మించెను. మేజోళ్ళ పరిశ్రమలో ధనము గడించెను. కాని ఆరోగ్యము చెడుటచే దానిని విడువవలసివచ్చెను.

అయినను ఆతడు ఊరకుండలేదు. 1884లో న్యూయార్కు నగరమునందలి కోనీ ద్వీపమున 600 అడుగుల పొడవున కొయ్యతో ఎగుడుదిగుడు బండిదారి నిర్మించెను. ఆ బండికి ఇంజను లేదు. ఎత్తునుండి జారినపుడు కలిగిన వేగమే దానిని తరువాతి మిట్ట నెక్కించును. ఒరపిడిచే కొంత వేగము నశించును గనుక ఏ మిట్టయు మొదటిదానియంత ఎత్తుండరాదు. రుసుము ఐదు సెంట్లు; జనులు తండోపతండములుగా వచ్చిరి.

అయితే దారి చివర అందరును దిగవలెను. బండిని మనుష్యులు మరల పైకి నెట్టవలెను. ఇతరులు ఈ లోపమును గ్రహించి, బయలుదేరిన చోటికే మరలివచ్చు దారిని, బండిని పైకి లాగు గొలుసును కల్పించిరి. ముందు నడచినవాడు వెనుకబడెను. థామ్సన్ నిరాశ చెందలేదు. 1887లో అట్లాంటిక్ సిటీలో సొరంగములతో, చిత్రించిన దృశ్యములతో నూతన మార్గమును నిర్మించి మరల పేరొందెను. 1919లో కీర్తిశేషుడయ్యెను.

పల్లమునకు దిగినవాడు ఆ వేగముతోనే మిట్ట నెక్కవచ్చునని ఆతని బండివలె ఆతని జీవితమును మనకు తెలుపుచున్నది.